కంట్లో పెట్టిన గ్రాఫ్ట్ నిలబడాలంటే కుట్లా, జిగురా?

కంటి ఆపరేషన్ అనగానే మొదటి ప్రశ్న "చూపుకి ఏం కాదు కదా" అయితే, రెండోది దాదాపు ఎప్పుడూ "కుట్లు వేస్తారా" అనే. దానికి డాక్టరు "లేదు, జిగురుతో అతికిస్తాం" అంటే కొందరు హమ్మయ్య అనుకుంటారు, ఇంకొందరికి కొత్త టెన్షన్ మొదలవుతుంది. కంట్లో జిగురేంటి, అది ఊడిపోతే ఏంటి పరిస్థితి అని. ఆ ఊరటకీ కారణం ఉంది, ఈ భయానికీ కారణం ఉంది. ఈ రెండు పద్ధతులూ ఏం చేస్తాయో, ఎక్కడ తడబడతాయో విడివిడిగా చూడకుండా "ఏది మంచిది" అని ఒక్క ముక్కలో తేల్చేయడం వల్లే ఇంత అయోమయం వస్తోందని నా అభిప్రాయం.

గ్రాఫ్ట్ అంటే ఒకచోటి నుంచి తీసి ఇంకోచోట అతికించే కణజాలం ముక్క. కళ్లకు సంబంధించి ఇవి చాలా రకాలు. ఈ కుట్లు, జిగురు చర్చ ఎక్కువగా జరిగేది టెరీజియం ఆపరేషన్ విషయంలో కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

నల్లగుడ్డు మీదకి పాకే కండ

తెల్లగుడ్డు మీద పారదర్శకంగా ఒక పల్చటి పొర ఉంటుంది. దాన్ని కంజంక్టైవా అంటారు. కళ్లకలక వచ్చినప్పుడు ఎర్రబడేది అదే. కంటి ముందుభాగంలో అద్దంలా ఉండే గుండ్రటి కిటికీ కార్నియా. ఈ రెండూ కలిసే అంచుని లింబస్ అంటారు. ఆ అంచులో ఉండే మూలకణాలు సరిహద్దు కాపలా లాంటి పని చేస్తాయి, అంటే కంజంక్టైవా కణాలు కార్నియా మీదకి రాకుండా చూస్తాయి.

ఏళ్ల తరబడి ఎండ, అందులోని అతినీలలోహిత కిరణాలు, దుమ్ము, వేడిగాలి తగిలేవాళ్లలో ఈ కాపలా బలహీనపడి, సాధారణంగా ముక్కు వైపు నుంచి, రక్తనాళాలతో కూడిన కండ లాంటి పొర ముక్కోణం ఆకారంలో కార్నియా మీదకి పాకుతుంది. గ్రీకులో చిన్న రెక్క అనే అర్థం ఉన్న మాట నుంచి దీనికి టెరీజియం అని పేరొచ్చింది. మామూలుగా "కంట్లో కండ పెరిగింది" అనేది దీన్నే. ఇది కాన్సర్ కాదు. కానీ పెరిగేకొద్దీ కార్నియా ఆకారాన్ని లాగేసి చూపు మసకబారేలా చేస్తుంది, బాగా పెరిగి మధ్యదాకా వస్తే చూపుకే అడ్డం పడుతుంది.

కోసేస్తే చాలదా, మళ్లీ అతికించడం ఎందుకు?

ఒకప్పుడు అలాగే చేసేవాళ్లు. కండను కోసి తీసేసి, కింద బయటపడిన తెల్లటి గోడను అలాగే వదిలేసేవాళ్లు. ఆపరేషన్ తేలిక, చేతికి వచ్చే ఫలితం మాత్రం ఘోరం. ఆ పద్ధతిలో కండ మళ్లీ పెరగడం గురించి 24 శాతం నుంచి 89 శాతం దాకా రకరకాల అంకెలు వైద్య పత్రికల్లో కనిపిస్తాయి. పైగా రెండోసారి వచ్చేది మొదటిదానికంటే మొండిగా, దళసరిగా ఉంటుంది.

1985లో కంటి సర్జన్ కెన్యన్, ఆయన సహచరులు ఒక పద్ధతిని వివరంగా ప్రచురించారు. కండ తీసేసిన ఖాళీలో, అదే కంటి పై రెప్ప కింద దాగి ఉండే ఆరోగ్యకరమైన కంజంక్టైవా నుంచి చిన్న ముక్క కోసి తెచ్చి పరచడం. 57 కేసుల్లో మూడింట్లోనే, అంటే 5.3 శాతంలో, కండ మళ్లీ వచ్చింది. ముక్క తీసిన చోట దానంతటదే మానిపోతుంది. ఎవరి కణజాలం వాళ్లకే కాబట్టి శరీరం తిరస్కరించే గొడవ కూడా లేదు. ఖాళీగా ఉన్న నేలలో మళ్లీ కలుపు మొలవకుండా అక్కడ మంచి గడ్డి పరిచినట్టు అనుకోవచ్చు.

ఇక్కడే అసలు చిక్కు వస్తుంది. అంత పల్చటి పొర, నిమిషానికి పదిహేనుసార్లో ఇరవైసార్లో రెప్ప రుద్దుకుంటూ పోయే చోట, ఎప్పుడూ తడిగా ఉండే చోట, అంటుకుని నిలబడేదాకా కదలకుండా ఎలా ఉండాలి?

కుట్టు చేసే మంచి, పెట్టే బాధ

ఇక్కడ వాడే దారాలు మనం ఊహించుకునేవి కాదు. పది సున్నా సైజు నైలాన్ దారం మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతుకు కాస్త అటూఇటూ, అంటే తలవెంట్రుకలో దాదాపు మూడో వంతు. ఎనిమిది సున్నా సైజు విక్రిల్ అనే కరిగే దారం దానికంటే కొంచెం లావు. మైక్రోస్కోప్ కింద, గ్రాఫ్ట్ మూలల్లోనూ అంచుల్లోనూ ఒక్కో కుట్టూ వేసి ముడి బిగించాలి. ముడి కొస మరీ పొడుగ్గా వదిలితే గుచ్చుకుంటుంది, మరీ పొట్టిగా కోస్తే విడిపోతుంది.

కుట్టు బలం ఏమిటో దీన్ని బట్టే తెలుస్తుంది. అది యాంత్రికంగా పట్టి ఉంచుతుంది. రోగి నిద్రలో తెలియక కన్ను నలిపినా, గ్రాఫ్ట్ కింద కాస్త నెత్తురు చేరినా, పొర అంత తేలిగ్గా జారదు. సర్జన్‌కి ఆ రాత్రి నిద్ర పడుతుంది.

మరి బాధ? రెప్ప లోపలివైపు ఎంత సున్నితమో కంట్లో ఒక్క నలుసు పడ్డప్పుడు అందరికీ తెలిసిందే. ఆరేడు ముళ్లు అక్కడ వరసగా నిలబడి ఉంటే, రెప్ప వాల్చిన ప్రతిసారీ ఇసుక వేసి రుద్దినట్టుంటుంది. నీళ్లు కారతాయి, వెలుగు చూడలేరు. నైలాన్ కరగదు కాబట్టి తర్వాత తీయించుకోవాలి. విక్రిల్ దానంతటదే కరుగుతుంది, కానీ అలా కరిగే క్రమంలోనే చుట్టూ వాపు పుట్టిస్తుంది. ఒక్కోసారి కుట్టు దగ్గర ఎర్రటి చిన్న బుడిపె కూడా లేస్తుంది.

ఈ వాపు ఒట్టి ఇబ్బంది మాత్రమే కాదు. టెరీజియం మళ్లీ పెరగడానికి తోడ్పడే కణాలను మేల్కొలిపేది వాపే. అంటే గ్రాఫ్ట్‌ను కాపాడటానికి వేసిన కుట్టే, గ్రాఫ్ట్ ఆపాల్సిన జబ్బుకి కొద్దిగా ఎరువు వేస్తుందేమో అన్న అనుమానం ఉంది. జిగురు వైపు మొగ్గే వాళ్ల ప్రధాన వాదన ఇదే.

జిగురంటే సూపర్ గ్లూ కాదు

చాలామంది భయం ఇక్కడే. కంట్లో వాడే జిగుళ్లు రెండు రకాలు. ఒకటి సయనోయాక్రిలేట్, ఇది నిజంగానే విరిగిన బొమ్మలు అతికించే జిగురుకి దగ్గర బంధువు. కార్నియాకి చిన్న చిల్లు పడినప్పుడు దాన్ని తాత్కాలికంగా మూయడానికి వాడతారు. గట్టిపడ్డాక గరుకుగా ఉంటుంది, కరగదు. కాబట్టి గ్రాఫ్ట్ కింద పూయడానికి అది పనికిరాదు.

గ్రాఫ్ట్ కోసం వాడేది రెండోది, ఫైబ్రిన్ జిగురు. వేలు తెగితే నెత్తురు కాసేపటికి గడ్డకట్టి గాయం మూసుకుంటుంది కదా, ఆ ప్రక్రియ చివరి మెట్టునే సీసాలో పెట్టారు. ఒక సీసాలో ఫైబ్రినోజెన్, ఇంకోదాంట్లో త్రాంబిన్, కాల్షియం. విడివిడిగా ఉన్నంతసేపూ రెండూ ద్రవంగానే ఉంటాయి. కలవగానే త్రాంబిన్ ఆ ఫైబ్రినోజెన్‌ని సన్నని పోగుల వలగా మార్చేస్తుంది. ఆ వలే పొరను పట్టుకుంటుంది. రెండు వారాల్లోపు శరీరమే దాన్ని కరిగించేస్తుంది, అప్పటికి కింద సొంత కణజాలం అంటుకుని ఉంటుంది.

ఆపరేషన్ బల్ల దగ్గర ఇది ఎలా జరుగుతుందో చూస్తే విషయం ఇంకా బాగా అర్థమవుతుంది. సర్జన్ గ్రాఫ్ట్‌ని కార్నియా మీద బోర్లా పరుస్తారు, దాని అడుగు భాగం మీద ఒక ద్రవం చుక్క, ఖాళీ నేల మీద రెండో ద్రవం చుక్క. తర్వాత గ్రాఫ్ట్‌ని పుస్తకంలో పేజీ తిప్పినట్టు తిప్పి వేయడం. త్రాంబిన్ గాఢత ఎక్కువుంటే చేతిలో ఉండేది కొన్ని సెకన్లే. ఆలోపు ముడతలు సాపు చేసి, లింబస్ వైపు అంచు లింబస్ వైపే ఉండేలా సర్ది, మిగిలిన జిగురుని అంచుల నుంచి తుడిచేయాలి. ఆలస్యమైతే వంకరగా ఉన్నది వంకరగానే అంటుకుంటుంది. పలచన చేసిన త్రాంబిన్ వాడితే సర్దుకోవడానికి ఇంకాస్త టైము దొరుకుతుంది. చూసేవాళ్లకి ఏదో మాయలా అనిపిస్తుంది గానీ, అసలు నేర్పు అంతకుముందే, గ్రాఫ్ట్ కోసేటప్పుడే చూపించి ఉండాలి. ఆ సంగతికి మళ్లీ వద్దాం.

ఇది కొత్త ఆలోచనేం కాదు. ఫైబ్రిన్‌తో తెగిన నరాలు అతికించే ప్రయోగాలు 1940ల్లోనే జరిగాయి. అప్పటి ద్రవాల్లో ఫైబ్రినోజెన్ పలచగా ఉండి పట్టు చాలలేదు. 1970ల్లో గాఢత పెంచాక మళ్లీ ఆసక్తి పెరిగింది. టెరీజియం విషయంలో 2004లో స్వీడన్ డాక్టర్లు కుట్లు లేకుండా కోసి అతికించే పద్ధతిని ప్రచురించాక బాగా వ్యాపించింది.

వెయ్యి మంది లెక్క

రెండు పద్ధతుల్నీ పోల్చిన 14 పరీక్షల్ని కలిపి 2016లో, వైద్య పరిశోధనల ఫలితాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ ఒక సమీక్ష వెలువరించింది. మొదటిసారి టెరీజియం ఆపరేషన్ చేయించుకున్న వాళ్ల మీద జరిగిన పరీక్షలివి. ఇందులో మూడు ముఖ్యమైన అంకెలున్నాయి.

మొదటిది, కండ మళ్లీ రావడం. కుట్లతో పోలిస్తే జిగురు వాడిన వాళ్లలో ఈ ముప్పు 0.47 వంతు, అంటే సగం కంటే కొంచెం తక్కువ. "సగానికి తగ్గింది" అనేది చెవికి చాలా పెద్దగా వినిపిస్తుంది కాబట్టి మనుషుల లెక్కలోకి మారుద్దాం. వెయ్యి మందికి కుట్లతో చేస్తే దాదాపు 96 మందికి కండ మళ్లీ వస్తుందనుకుంటే, జిగురుతో చేస్తే దాదాపు 45 మందికి వస్తుంది. తేడా 51 మంది. 1000ని 51తో భాగిస్తే దగ్గర దగ్గర 20. అంటే ఇరవై మందికి కుట్లకు బదులు జిగురు వాడితే ఒకరికి కండ తిరిగి రాకుండా ఆగుతుంది. మిగిలిన పందొమ్మిది మందికి ఈ విషయంలో ఏది వాడినా ఒకటే. ఆ 51 కూడా గట్టి అంకె కాదు, 17 నుంచి 70 మధ్య ఎక్కడైనా ఉండొచ్చని సమీక్షే చెప్పింది. ఆ లెక్కన పద్నాలుగు మందిలో ఒకరికి లాభం కావచ్చు, యాభై తొమ్మిది మందిలో ఒకరికి కావచ్చు.

రెండోది ఆపరేషన్ టైము. జిగురుతో సగటున 17 నిమిషాలు తగ్గింది. మత్తు మందు కన్ను చుట్టూ మాత్రమే ఇచ్చి, మెలకువగా పడుకోబెట్టి, కళ్లలోకి లైటు వేసి చేసే ఆపరేషన్లో 17 నిమిషాలంటే చాలా ఎక్కువ.

మూడోది వింటే జిగురు మీద మోజు ఉన్నవాళ్లు ఆగిపోతారు. చిక్కులు జిగురుతోనే ఎక్కువ, 1.92 రెట్లు. ఒక ఊహా లెక్క వేసుకుందాం. కుట్లు వేసిన వెయ్యి మందిలో 50 మందికి ఏదో ఒక చిక్కు వచ్చిందనుకుంటే, జిగురు వేసిన వెయ్యి మందిలో 96 మందికి వస్తుంది. వీటిలో ముఖ్యమైనవి గ్రాఫ్ట్ అంచు లేచిపోవడం, వెనక్కి ముడుచుకుపోవడం, గాయం దగ్గర ఎర్రటి బుడిపె రావడం.

ఈ అంకెల్ని ఎంతవరకు నమ్మొచ్చు

ఈ మూడు అంకెలకీ ఆధారాల నాణ్యత తక్కువ అని అదే సమీక్ష రాసింది. దానర్థం అవి తప్పని కాదు, మంచి పరీక్షలు ఇంకా వస్తే మారొచ్చని. పరీక్షలు చాలావరకు చిన్నవి. పైగా కంటిలోకి చూడగానే కుట్లు కనిపిస్తాయి కాబట్టి ఎవరికి ఏది వాడారో పరీక్షించే డాక్టరు దగ్గర దాచడం కష్టం, తెలిసి చూసే కంటికి తనకి నచ్చిన ఫలితమే కనిపించే ప్రమాదం ఉంటుంది.

ఇంకో చిక్కు, "మళ్లీ రావడం" అంటే ఏంటి? ఒక పరీక్షలో లింబస్ దాటి ఒక్క సన్న రక్తనాళం కనిపించినా లెక్కేస్తారు, ఇంకోదాంట్లో కండ ఒక మిల్లీమీటరు పాకితేనే లెక్కేస్తారు. అదే కన్ను ఒకచోట ఫెయిలు, ఇంకోచోట పాసు. ఎన్నాళ్లు చూశారన్నది కూడా ముఖ్యమే. తిరిగి వచ్చే కేసుల్లో సగం మొదటి నాలుగు నెలల్లో, 97 శాతం ఏడాదిలోపు బయటపడతాయని 1994లో హర్స్ట్ బృందం చూపించింది. మూడు నెలలకే ఫైలు మూసేసిన పరీక్ష సగం కథే చెప్తుంది.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది వేరే. నెప్పి "చిక్కు" కింద రాదు. రెండు వారాలపాటు కన్ను తెరవలేక అవస్థపడ్డ మనిషి గ్రాఫ్ట్ చక్కగా నిలబడితే పట్టికలో "ఏ సమస్యా లేదు" అనే గడిలో పడతాడు. అంచు కాస్త లేచి, నాలుగు రోజుల్లో దానంతటదే సర్దుకున్న మనిషి మాత్రం సమస్య ఉన్న గడిలో పడతాడు. 1.92 అనే అంకెను చదివేటప్పుడు ఈ సంగతి మనసులో ఉంచుకోవాలి. నెప్పిని విడిగా అడిగి రాసుకున్న పరీక్షల్లో మొదటి రోజుల ఇబ్బంది జిగురుతోనే తక్కువని పదేపదే కనిపిస్తుంది.

మూడో రోజు ఏం జరుగుతుందంటే

ఒక ఉదాహరణ అనుకుందాం. ఇద్దరికి ఒకే రోజు, ఒకే సైజు టెరీజియం తీశారు. మొదటి మనిషికి ఎనిమిది కుట్లు, రెండో మనిషికి జిగురు. మొదటి మనిషి మూడో రోజు కూడా కన్ను సగమే తెరుస్తున్నాడు, రుమాలు తడిసిపోతోంది, కానీ గ్రాఫ్ట్ పెట్టినచోటే ఉంది. రెండో మనిషి రెండో రోజుకే ఫోన్ చూసుకుంటున్నాడు. నెప్పి లేదు కాబట్టి ఆపరేషన్ అయిన కన్నే అన్న ధ్యాస తగ్గింది, మూడో రాత్రి నిద్రలో మోచేత్తో రుద్దేశాడు. తెల్లారి చూస్తే ముక్కు వైపు అంచు కొద్దిగా ముడుచుకుని ఉంది.

అంచు కొంచెం లేస్తే చాలాసార్లు చుట్టూ ఉన్న కణజాలమే పాకి కప్పేస్తుంది. పొర బాగా జారిపోతే రోగిని మళ్లీ ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్లి జిగురో, ఒకటి రెండు కుట్లో వేయాలి. జిగురు ముప్పు మొదటి వారంలోనే, అదీ ఒక్కసారిగా వస్తుంది. కుట్ల బాధ అలా కాదు, కొద్దికొద్దిగా వారాల పాటు సాగుతుంది. ఒకే తక్కెడలో వేసి తూచడానికి ఇవి ఒక రకం బరువులు కావు.

గ్రాఫ్ట్ లేచిపోవడానికి జిగురునే తిట్టడం కూడా అన్నివేళలా న్యాయం కాదు. ఇందాక వాయిదా వేసిన సంగతి ఇదే. కంజంక్టైవా కింద టీనన్ అనే సాగే పొర ఒకటుంటుంది. గ్రాఫ్ట్ కోసేటప్పుడు అది కూడా అంటుకుని వస్తే రబ్బరులా వెనక్కి లాగుతుంది, జిగురు ఆ లాగుడుకి ఆగదు. పల్చగా, టీనన్ లేకుండా, ఖాళీ కంటే కాస్త పెద్దగా కోసిన గ్రాఫ్ట్ మాత్రం చక్కగా పరుచుకుంటుంది. దళసరి గ్రాఫ్ట్‌ని కుట్లు బలవంతంగా పట్టి ఉంచగలవు, జిగురు ఆ తప్పుని దాచదు. కండ మళ్లీ వస్తుందా రాదా అన్నది కూడా కుట్టా జిగురా అన్నదానికంటే, లోపలి టీనన్‌ని ఎంత శుభ్రంగా తీశారు, గ్రాఫ్ట్ ఎంత బాగా కోశారు అన్నదాని మీదే ఎక్కువ ఆధారపడుతుందని చాలామంది సర్జన్లు అంటారు. నాకూ అదే సబబుగా తోస్తుంది.

సీసా ఎందుకు, సొంత నెత్తురు ఉందిగా

జిగురు అనేది గడ్డకట్టిన నెత్తురులోని పోగులే అయినప్పుడు, కన్నులోనే వచ్చే నెత్తురు చాలదా అని కొందరు సర్జన్లకు ఆలోచన వచ్చింది. కండ తీసిన చోట కొద్దిగా నెత్తురు ఊరనిచ్చి, దాని మీద గ్రాఫ్ట్ పరిచి, కొన్ని నిమిషాలు కదలకుండా ఉంచడం. ఖర్చు లేదు, బయటి పదార్థం ఏదీ లేదు. అయితే పట్టు బలహీనం, పొర జారిపోవడం జిగురుతో కంటే ఎక్కువగా కనిపించింది. నెత్తురు పలచబడే మందులు వాడేవాళ్లలో ఇది ఇంకా కష్టమవుతుంది.

ఎవరి నెత్తురు, ఎంత ఖర్చు

ఫైబ్రిన్ జిగురు చాలామంది దాతల ప్లాస్మా కలిపి తయారవుతుంది. ఇలాంటి ఫైబ్రినోజెన్‌తో హెపటైటిస్ సోకుతుందన్న భయంతో 1970ల చివర్లో అమెరికాలో దాని లైసెన్సు రద్దు చేశారు. దాతల పరీక్షలు, వేడి చేసి వైరస్‌ని చంపే పద్ధతులు మెరుగయ్యాక 1998లో టిస్సీల్ అనే జిగురుకి అక్కడ అనుమతి వచ్చింది. ఇప్పటి ఉత్పత్తుల్లో వైరస్ ముప్పు చాలా చాలా తక్కువ, అయినా సున్నా అని కంపెనీలు కూడా రాయవు. పార్వో వైరస్ బి19 లాంటి కొన్ని మొండివి ఈ వడపోతలకి అంత తేలిగ్గా లొంగవు. కొన్ని రకాల్లో జిగురు త్వరగా కరగకుండా అప్రోటినిన్ కలుపుతారు, దానికి అరుదుగా ఎలర్జీ రావొచ్చు. దాతల రక్తంతో చేసిన పదార్థం వద్దనుకునే నమ్మకం ఉన్నవాళ్లకి ఇది వైద్యం ప్రశ్నే కాదు, వాళ్ల మాటకి విలువ ఇవ్వాల్సిందే.

ఖర్చు విషయానికొస్తే, కిట్ దారం కంటే ఖరీదు. ఒక కంటికి కావాల్సింది కొన్ని చుక్కలే, ఒకసారి కలిపిన ద్రవాన్ని మాత్రం కొన్ని గంటల్లోపే వాడేయాలి. అయితే థియేటర్ టైము తగ్గడం, కుట్లు తీయించుకోవడానికి మళ్లీ రానక్కర్లేకపోవడం కూడా లెక్కలో వేస్తే తేడా తగ్గుతుంది. ఆ తగ్గింపు ఆసుపత్రికి మిగులుతుందా, రోగికి మిగులుతుందా అన్నది వేరే ప్రశ్న.

కార్నియా దగ్గరికొస్తే జిగురు చేతులెత్తేస్తుంది

జిగురు ఇంత బాగుంటే కార్నియా మార్పిడికి కూడా అదే వాడొచ్చు కదా అని అనిపిస్తుంది. పూర్తి మందం కార్నియా మార్చేటప్పుడు కొత్త కార్నియా కంటి గోడలో భాగమవుతుంది, దాని వెనక లోపలి ద్రవం ఒత్తిడి నిరంతరం బయటికి తోస్తుంటుంది. ఫైబ్రిన్ వల ఆ ఒత్తిడికి ఆగదు. అందుకే అక్కడ పది సున్నా నైలాన్‌తో పదహారు దాకా కుట్లు వేసి, కార్నియా చాలా నెమ్మదిగా మానుతుంది కాబట్టి ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కాలం వాటిని ఉంచుతారు. టెరీజియం గ్రాఫ్ట్ మాత్రం గోడ మీద పరిచిన చాప లాంటిది. కింద నుంచి తోసేది ఏదీ లేదు, పైన రెప్ప రుద్దుకోవడం ఒక్కటే.

కార్నియా లోపలి పొర ఒక్కటే మార్చే ఆపరేషన్లలో అయితే కుట్టూ లేదు, జిగురూ లేదు. కంటిలోపలికి గాలి బుడగ వదిలి, రోగిని వెల్లకిలా పడుకోబెడితే ఆ బుడగే పొరను పైకి నొక్కి అంటుకునేదాకా పట్టి ఉంచుతుంది. ఉమ్మనీటి పొరను (గర్భంలో బిడ్డ చుట్టూ ఉండే పల్చటి పొర) కంటి మీద పరిచేటప్పుడు కుట్లూ వాడతారు, జిగురూ వాడతారు.

రోజూ ఈ పని చేసే సర్జన్లలో కొందరు రెంటినీ కలిపే వాడుతుంటారు. గ్రాఫ్ట్ మొత్తం జిగురుతో పరిచి, లింబస్ వైపు రెండు మూలల్లో మాత్రం చెరొక కుట్టు వేస్తారు. రెండోసారి వచ్చిన టెరీజియం అయినా, కింద మచ్చకట్టి లాగుడు ఎక్కువున్నా, రోగి కళ్లు నలుపుకునే అలవాటున్న పిల్లాడైనా, ఆ కుట్లు రెండు కాస్తా మూడో నాలుగో అవుతాయి.